అడిగింది మా అమ్మాయిని

మా అమ్మాయిని ఎవరేం అడిగినా జవాబు నేనే చెప్పేవాణ్ణి. పేరేంటమ్మా అంటే పేరు నేను చెప్పేవాణ్ణి, ఏ క్లాసంటే క్లాసు నేను చెప్పేవాణ్ణి. డాక్టరు ఆమె మొహంలోకి చూసి ఎక్కడ నొప్పి అని అడిగితే, "కడుపుల సార్, పొద్దటి నుంచి" అని నేనే అందుకునేవాణ్ణి. ఆమె పక్కన కూర్చుని నా మాటకు తలూపేది. బిడ్డను చూసుకోవడమంటే అదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అసలేమీ అనుకోలేదు. నోరు దానంతటదే తెరుచుకునేది.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. కాజీపేట స్టేషన్లో ఎంక్వయిరీ కిటికీ వెనక చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. మనిషి కిటికీ దాకా వచ్చేలోపే చేతిలో సంచీ, నడకలో తొందర చూసి ఎక్కడికి పోయేవాడో పోల్చుకోగలను. "సార్, బల్లార్షా..." అనేలోపు ప్లాట్‌ఫాం నంబరు చెప్పేస్తాను. నెక్కొండకు పోయే ముసలమ్మలు "నీ కడుపు సల్లగుండ, అడగకముందుకే చెప్తవు బిడ్డా" అని దీవిస్తారు. ఆ దీవెనలకు నేను బాగా ఉబ్బిపోయేవాణ్ణి. తెలియదు అనే మాట నా నోటి నుంచి ఎప్పుడు వచ్చిందో నాకే గుర్తులేదు.

అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా చర్చికి వచ్చే ఒక మేడమ్ ఒక సంగతి చెప్పారు. ఆమె హన్మకొండలో ఇంగ్లీషు లెక్చరర్. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉందట. ర్యాంకు ఒక్కటే చూడరట. పిల్లల చేత వ్యాసం రాయించి, వాళ్లతో మాట్లాడి, నచ్చితే కొద్దిమందిని ఫీజు మొత్తం మాఫీ చేసి చేర్చుకుంటారట. ఆదివారం పూజ అయ్యాక చర్చి హాల్లో అలాంటి కాలేజీలకు అప్లై చేసే పిల్లలను కూర్చోబెట్టి, తమ గురించి తాము ఎలా చెప్పుకోవాలో ఆమె నేర్పేవారు. పైసా తీసుకునేవారు కాదు. ఆ క్లాసుకు పోతానని మా అమ్మాయి తనంతట తాను అడిగింది. ఆమె ఏదైనా అడగడమే అరుదు. ఆ సీటు తనకు ఎంత కావాలో అప్పుడే నాకు అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఆ పనంతా నా చేతుల్లోకి తీసుకున్నాను.

మార్కులు అందరికీ ఉంటాయి, మన పిల్లకు ఇంకేదో ఉండాలి అనే ధ్యాస పట్టుకుంది. క్విజ్ పోటీ ఉందంటే పేరిచ్చాను. మొక్కలు నాటుతున్నారంటే తీసుకుపోయి ఫొటో తీశాను. మొక్క వంకరగా ఉన్నా పరవాలేదు, మొహం సరిగ్గా పడాలి. ఏం చదవాలనుకుంటున్నావు అన్నచోట డేటా సైన్స్ అని రాయించాను. డేటా సైన్స్ అంటే ఏమిటో నాకు తెలియదు. పక్క క్వార్టర్ వాళ్ల అబ్బాయి అది చదువుతున్నాడు, వాళ్ల నాన్న సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి ఆ మాటే మాట్లాడుతుంటాడు. నాకు అంతకంటే కారణం అక్కర్లేకపోయింది.

ఆ సమయానికి మేడారం జాతర వచ్చింది. జాతర రోజుల్లో మా స్టేషన్ ఇసుక వేస్తే రాలనట్టు ఉంటుంది. ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ స్పెషల్ రైళ్లలో దిగిన జనం మేడారం బస్సుల కోసం స్టేషన్ బయటికి తోసుకుంటూ పోతారు. బెల్లం ముద్దలు, కోళ్లు, చంటిపిల్లలు, ముసలివాళ్లు. నాకు తెలిసిన వాళ్లను పట్టుకుని, నా కిటికీ పక్కనే ఒక టేబుల్ వేయించి, అమ్మాయి మెడలో వాలంటీర్ కార్డు వేయించాను. మూడు రోజులు ఆమెను అక్కడ కూర్చోబెట్టాను. ఎవరైనా ఆమె దగ్గరికి వచ్చి బస్సులెక్కడ అని అడిగితే నేను లోపల్నుంచే కేకేసేవాణ్ణి. "బయటికి పోయి ఎడమ చెయ్యి దిక్కు తిరుగుండ్రి!" ఆమె తలూపేది. రెండో రోజు మధ్యాహ్నం చూస్తే టేబుల్ దగ్గర లేదు. చాలాసేపటికి వచ్చింది, మీద చున్నీ లేదు.

"కార్డేసుకొని యాడ తిరుగుతాన్నవ్? చున్నీ ఏది?" అని అందరి ముందూ అరిచాను.

"యాడనో పడిపోయింది డాడీ" అంది.

అప్లికేషన్‌లో మాత్రం 'జాతరలో వేలమంది యాత్రికులకు దారి చూపింది' అని రాయించాను. నేను చూపిన దారి ఆమె చూపినట్టే కదా అని నా లెక్క.

చర్చి హాల్లో ఒక ఆదివారం మేడమ్ ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టారు. పిల్లలను ఒక్కొక్కరినే ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడుగుతున్నారు. తల్లిదండ్రులం వెనక బల్లల మీద ఉన్నాం. మా అమ్మాయి వంతు వచ్చింది.

"నీకు బాగా ఇష్టమైన పని ఏంటిదమ్మా?"

"చదువుడు మేడమ్. పుస్తకం పడితే లోకమే గుర్తుండది" అన్నాను నేను, వెనక నుంచి.

మేడమ్ కళ్లద్దాలు కిందికి జరిపి నన్ను చూశారు. "అన్నా, సీటు మీకా, బిడ్డకా?"

హాలంతా నవ్వింది. నవ్విన వాళ్లెవరూ నాకంటే తక్కువ తినలేదు. ఆ తర్వాత మేడమ్ తల్లిదండ్రులందరినీ బయట రేకుల షెడ్డు కిందికి పంపిస్తే, అందరం పోయి కిటికీ ఊచలకు మొహాలు ఆనించి, పిల్లలకు పెదవులతో జవాబులు అందించాం. మేడమ్ లేచి వచ్చి కిటికీ రెక్కలు మూసేశారు. నాకు అప్పుడు సిగ్గేమీ అనిపించలేదు. కోపం మాత్రం వచ్చింది. ఫ్యాను కూడా లేని ఎండలో నిలబెట్టిందని ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొణిగాను.

యూనివర్సిటీ వాళ్లకు వ్యాసం నచ్చింది, చివరి రౌండుకు పిలుపు వచ్చింది. వీడియో కాల్ ఇంటర్వ్యూ. అందులో తల్లి గానీ తండ్రి గానీ పిల్ల పక్కన కూర్చోవాలి. మా ఆవిడ కూర్చుంటానంది. ఆమెకేం తెలుసని నేనే కూర్చుంటానన్నాను. సంగతి తెలిసి మేడమ్ తల పట్టుకున్నారు.

"అన్నా, ఒక్క మాట ఇయ్యుండ్రి. మిమ్మల్ని అడిగితేనే మాట్లాడాలె. అదొక్కటి మీతోని అయితదా?"

"ఫికర్ చేయకుండ్రి మేడమ్" అన్నాను.

మా ఆవిడకు నా మాట మీద నమ్మకం లేదు. ఇంటర్వ్యూ రోజు ఒక లవంగం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నోట్లె ఏసుకో. మాట వచ్చినప్పుడల్లా దాన్ని కొరుకు." కుక్కర్ పెట్టొద్దని అటూ ఇటూ క్వార్టర్ల వాళ్లకు చెప్పి వచ్చింది. తను వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. అమ్మాయి జడ గట్టిగా వేసుకుని, ల్యాప్‌టాప్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను తెల్ల చొక్కాతో పక్కన, నోట్లో లవంగంతో.

తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకాయన ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇంకొకామె తనకు తెలుగు వచ్చని, అమ్మాయికి ఏ భాష సులువైతే అందులోనే మాట్లాడవచ్చని చెప్పింది. మొదటి ప్రశ్నకు అమ్మాయి ఇంగ్లీషులో మెల్లగా, తడబడకుండానే జవాబు చెప్పింది. నేను లవంగం కొరికాను. రెండో ప్రశ్నకు కూడా కొరికాను. మూడో ప్రశ్న, ఏం చదవాలనుకుంటున్నావు అని. అమ్మాయి ఊపిరి తీసుకుంది. ఆ తీసుకున్న కాస్తలోనే నా నోరు తెరుచుకుంది.

"డేటా సైన్స్ సార్."

తెలుగు మేడమ్ నవ్వింది. ఆ నవ్వు మర్యాద కోసం నవ్వింది. "అమ్మాయిని చెప్పనివ్వండి సర్."

అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత తెర వైపు తిరిగి, "డేటా సైన్స్" అని నా మాటనే మళ్లీ చెప్పింది. బాగానే అందుకుందిలే అని నేను లోపల సంతోషించాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు ఆ మేడమ్ జాతర గురించి అడిగింది. వేలమందికి దారి చూపడమంటే చిన్న విషయం కాదు కదా, ఏం చేశావో చెప్పమంది. నేను ముందుకు వంగాను. అమ్మాయి నన్ను చూడలేదు. ఆమె ఇంగ్లీషు వదిలేసి, మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"వేలమంది అని రాసినం గని అది నిజం గాదు మేడమ్. నా దగ్గరికొచ్చి అడిగినోళ్లకు గూడ లోపల్నుంచి మా డాడీనే చెప్పిండు. నేను ఉత్తగ కూసున్న."

నా నోట్లో లవంగం ఎటు పోయిందో తెలియలేదు.

"ఉత్తగ కూసుంటే ఒకటి కనవడ్డది మేడమ్. ఆడోళ్లు కొంతమంది కిటికీ దాక వస్తాండ్రు. లోపల మా డాడీని చూసి, ఏం అడగకుండనే వాపసు పోతాండ్రు. ఒకామె సంటిపిల్లనెత్తుకొని అట్లనే తిరుగుతాంటే నేను లేచి పోయి, ఏం గావాలక్కా అని మెల్లగ అడిగిన. ఆమె ఏడ్సింది. రైల్లనే నెల వచ్చిందంట. చీర కరాబైంది. ఎంబడి వచ్చినోళ్లకు చెప్తే జాతరకు రావద్దని ఇంటికి తోలుతరని భయం. నేను ఆడోళ్ల వెయిటింగ్ రూంకు తీస్కపోయి, బయట దుకాణంల ప్యాడ్లు కొనుక్కొచ్చి ఇచ్చి, నా చున్నీ నడుముకు కట్టిన."

"తర్వాత ఆమె జాతరకు వెళ్లిందా?"

"నాకు తెల్వదు మేడమ్. అది ఆమె ఇష్టమని నేనడగలె. ఆ తర్వాత నేను టేబుల్ కాడ తక్వ కూసున్న. వెయిటింగ్ రూం గోడ పక్కకు పోయి నిలవడ్డ. అడగలేనోళ్లు ఆడికి వచ్చిండ్రు."

తర్వాత తెలుగు మేడమ్ నా వైపు తిరిగింది. "ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను సర్. ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాణ్ణి. నా పక్కన కూర్చున్న పిల్ల నా కిటికీ ముందే మూడు రోజులు ఏం చేసిందో నాకు తెలియదు. చున్నీ ఏదని అందరిలో అరిచానే, ఆ అరుపు ఒక్కటే నాకు తెలుసు.

"తెల్వదు మేడమ్" అన్నాను.

కాల్ అయిపోయాక సిగ్గుపడి ఊరుకుని ఉంటే కొంత బాగుండేది. నాకు సిగ్గు వచ్చినప్పుడల్లా ముందు కోపం వస్తుంది. "ఫారంల రాసింది అబద్ధమని నువ్వే చెప్తే సీటెవడిస్తడే? పైగ మగాయన ముంగట ఆ మాటలేంది?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి, గోడకు ఆనుకుని కూర్చుంది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి మా ఇద్దరి మధ్యలో నిలబడింది.

"ఇగ సాలు. నాకా ముచ్చట ఆనాడే చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వు ఎన్నడన్న అడిగితివా?"

డ్యూటీ టైం కాకపోయినా చొక్కా మార్చుకోకుండా స్టేషన్‌కు పోయాను. ఇంట్లో కూర్చునే మొహం లేకపోయింది.

తర్వాతి రోజుల్లో నా కిటికీలోంచి నేను కొత్తగా చూడటం మొదలుపెట్టాను. అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. వస్తారు, చూస్తారు, పోతారు. జాతర లేని రోజుల్లో కూడా పోతారు. ఇన్నేళ్లూ వాళ్లు నా కళ్లెదుటే ఉన్నారు, అడిగినవాళ్ల లెక్కలో లేరు కాబట్టి నాకు కనిపించలేదు. ఒకరోజు ఒకామె అలాగే కొంగు సర్దుకుంటూ వెనక్కి తిరుగుతుంటే, ఎలాగైనా సాయం చేయాలని మైకు అందుకుని, "ఏం గావాలమ్మా?" అన్నాను. ఆ మాట హాలంతా మోగింది. అందరూ తలలు తిప్పి ఆమెను చూశారు. పాపం, ఆమె పరుగులాంటి నడకతో బయటికి పోయింది. పక్క సీటు ఆయన నన్ను చూసి నవ్వాడు. నేను మైకు ఆపేసి, తల వంచుకుని, ముందున్న టైంటేబుల్ కాగితాలను ఊరికే తిరగేస్తూ కూర్చున్నాను.

ఇంట్లో మాత్రం నేను ఏమంత బాగుపడలేదు. దుకాణంవాడు అమ్మాయిని ఏ సబ్బు కావాలని అడిగితే నేనే చెప్పాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఆమె నేను చెప్పిన సబ్బే తీసుకుంది. సీటు గురించి ఆమె ఒక్క మాటా ఎత్తలేదు. నా ఫోన్ మోగినప్పుడల్లా పుస్తకం మీది నుంచి కళ్లెత్తేది, నేను వేరే ఏదో మాట్లాడుతుంటే మళ్లీ దించుకునేది. ఆ సీటు పోతే నా వల్లనే పోతుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

ఫోన్ ఒక పగటిపూట వచ్చింది. పొద్దటి డ్యూటీ దిగి వచ్చి నేను అన్నం ముందు కూర్చున్నాను. యూనివర్సిటీ నుంచి ఒకామె తెలుగులోనే మాట్లాడింది. మీ అమ్మాయిని ఎంపిక చేశాం, ఫీజు మొత్తం మాఫీ, చేరుతుందో లేదో సాయంత్రంలోగా చెప్పాలి, లేకపోతే వెయిటింగ్ లిస్టులో ఇంకొకరికి ఇస్తాం అని. చేరుతుంది మేడమ్ అనే మాట నా పెదవుల దాకా వచ్చింది. అక్కడే ఆపాను. "జర ఆగుండ్రి, మా బిడ్డకిస్తా" అన్నాను. ఆ నాలుగు మాటలు చెప్పడానికి నాకు పట్టిన కష్టం ఎవరికైనా చెబితే నవ్వుతారు.

అమ్మాయి వరండాలో బట్టలు ఆరేస్తోంది. ఫోన్ ఇచ్చాను. తడి చేయి తుడుచుకుని విన్నది. ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. తర్వాత ఫోన్‌ను ఛాతీకి అదుముకుని నన్ను చూసింది.

"డాడీ, ఏం చెప్పాలె?"

ఇంటర్వ్యూ రోజు పడ్డదే పెద్ద సిగ్గు అనుకున్నాను. అది కాదు, ఇది. అంత కావాలనుకున్న సీటు, కోరి తెచ్చుకున్న సీటు, చేతిలోకి వచ్చాక కూడా పిల్ల నా మొహంలో జవాబు వెతుకుతోంది. పదిహేడేళ్లు నేను చేసిన పని అది. కావాలని చెప్పాలో వద్దని చెప్పాలో కూడా నన్నే అడిగేట్టు చేశాను.

"నన్నడగకు బిడ్డా. అడిగింది నిన్ను" అని చెప్పి, మెట్లు దిగి గేటు దాకా పోయాను. పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. చాలా పొడుగు బండి. ఆమె ఫోన్‌లో ఏం మాట్లాడిందో ఒక్క ముక్క వినిపించలేదు. వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగుతున్నా చూడలేదు.

బండి పోయాక ఆమె గేటు దగ్గరికి వచ్చింది.

"ఏం చెప్పినవ్?" అన్నాను. నాకు నిజంగానే తెలియదు.

"చేరుతా అన్న." ఫోన్ నా చేతిలో పెట్టింది. "డేటా సైన్స్ మాత్రం చదవనని గూడ చెప్పిన."

"మరేం చదువుతవు బిడ్డా?"

ఆమె నా మొహం వంక, నా చేతుల వంక చూసింది. "చెప్తే తిట్టవు గద?"

"తిట్టను" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి, నేను అరిస్తే అడ్డం రావడానికి వాళ్లమ్మ ఇంట్లోనే ఉందో లేదో తలుపులోంచి చూసుకుని, అప్పుడు చెప్పడానికి నోరు తెరిచింది.